కోతికి కొబ్బరికాయ చూపింది ఎవరు?

టోపీల వర్తకుడి కథ మనమందరం చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. వర్తకుడు చెట్టు కింద కునుకు తీయడం, కోతులు టోపీలు ఎత్తుకుపోవడం, అతగాడు విసుగెత్తి తన టోపీని నేలకేసి కొడితే అవి కూడా కొట్టడం. ఆ కథ మనకు తెలియకుండానే నేర్పిన జంతుశాస్త్రం ఏమిటంటే, కోతి చూసింది చూసినట్టు చేస్తుందని. ఇంగ్లీషువాళ్ళు కూడా అనుకరించడానికి కోతి పేరే పెట్టుకున్నారు. అయితే ప్రయోగశాలల్లోనూ, అడవుల్లోనూ కోతుల్ని ఏళ్ళ తరబడి గమనించిన శాస్త్రజ్ఞులు తేల్చింది దాదాపు దీనికి వ్యతిరేకం. 1990లో విసల్‌బెర్గి, ఫ్రాగసీ అనే ఇద్దరు మహిళా శాస్త్రజ్ఞులు సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుని ఒక వ్యాసం రాశారు. ఎదుటివాడి చెయ్యి ఎలా కదిలిందో చూసి తన చెయ్యి అలాగే కదపడమనే విద్యలో కోతి చాలా వెనకబడి వుంటుందట. ఆ విద్యలో మొదటి ర్యాంకు మనిషి పిల్లదే.

మరి ఒక కోతి తినే తిండి ఇంకో కోతికి ఎలా తెలుస్తుంది? నాకు ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాదు. మాది కోనసీమలో కొబ్బరి తోట, అందులో అంతరపంటగా అరటి. మా తోటకి కోతులు రావడం మొదలై ఆరేళ్ళు కావస్తోంది. మొదటి రెండేళ్ళూ చెట్టున మగ్గిన చక్కెరకేళి, కర్పూర గెలలు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. కొబ్బరిచెట్టు వాటికి ఎక్కి కూర్చునే చోటు, అంతే. మూడో ఏడు ఎక్కడో మొదలైంది. ఇప్పుడు పిందె దగ్గర్నుంచి లేత బొండం దాకా కోసి, మెత్తగా వున్నచోట కొరికి, నాలుగు గుక్కలు తాగి కింద పడేస్తున్నాయి. దింపు తీయడానికి వచ్చే పెద్దాయన చెట్టు కింద రాలిన పిందెలు చూసి, "ఆయ్, కోతికి కొబ్బరికాయ దొరికినట్టని సామెత కట్టినోడు మన తోట చూళ్ళేదండి" అన్నాడు. ఆ సామెతకి అర్థం, దొరికినా ఏం చేసుకోవాలో దానికి తెలియదనే కదా! మా నాన్న మాత్రం నన్నే అడిగాడు: "జువాలజీ అంటావు కదరా, వీటికి ఎవడు చెప్పాడో చెప్పు."

దీనికి సమాధానం కోసం ముందు జపాను దాకా వెళ్ళాలి.

జపాను దక్షిణ భాగంలో మియజాకి తీరాన కోషిమా అనే చిన్న దీవి వుంది. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇమానిషి బృందం 1948లో అక్కడి కోతుల్ని గమనించడం మొదలుపెట్టింది. చెట్లలో దాక్కునే కోతులు సరిగ్గా కనపడవు కాబట్టి 1952 నుంచి ఇసుకలో చిలగడదుంపలు పోసి వాటిని బయటికి రప్పించారు. ప్రతి కోతికీ ఒక పేరు పెట్టారు. 1953లో ఏడాదిన్నర వయసున్న ఒక ఆడపిల్ల దుంపని తీసుకువెళ్ళి నీళ్ళలో ముంచి, రెండో చేత్తో ఇసుక తోమి తినడం కనిపించింది. దాన్ని మొదట కనిపెట్టినది పెద్ద ప్రొఫెసరు కాదు, మితో సత్సుయె అనే స్థానికురాలు, బడిపంతులమ్మ. ఆ పిల్ల పేరు ఇమో. జపాను భాషలో ఇమో అంటే దుంప.

ఆ పద్ధతి ఏ దారిన పాకిందన్నదే అసలు సంగతి. ఇమో తరవాత మొదట నేర్చుకున్నవి దానితో ఆడుకునే పిల్లలూ, దాని తల్లీ. తరవాత ఆ పిల్లల తల్లులు, అక్కచెల్లెళ్ళు. అయిదేళ్ళు గడిచి 1958 వచ్చేసరికి రెండు నుంచి ఏడేళ్ళ మధ్య వయసున్న 19 కోతుల్లో 15 దుంపలు కడుగుతున్నాయి. పెద్దవి 11 వుంటే, అందులో కడిగేవి రెండే రెండు. పెద్ద మగకోతులు గుంపు అంచున తిరుగుతూ తమ ఇసుక దుంప తామే తినేవి. కడిగే తరం తల్లులయ్యాక వాటి పిల్లలకి ఇది కొత్త విద్యే కాదు, తల్లి ఒళ్ళో వున్నప్పటినుంచీ చూసిన వంట! తరవాత తరవాత మంచినీళ్ళ వాగు మాని సముద్రపు నీళ్ళలో కడగడం, ఒక కొరుకు కొరికి మళ్ళీ ముంచడం కూడా అలవాటైంది. మనం మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకున్నట్టన్నమాట. 1956లో అదే ఇమో ఇసుకతో కలిసిన గోధుమల్ని గుప్పెడు తీసి నీళ్ళలో వేసింది. ఇసుక మునుగుతుంది, గింజ తేలుతుంది. మన ఇళ్ళలో బియ్యంలో రాళ్ళు గాలించే విద్యకి దగ్గర చుట్టం. కొన్ని కోతులు ఈ కష్టం కూడా పడకుండా, ఇంకొకటి నీళ్ళలో వేసిన గోధుమలు దోచుకోవడం నేర్చుకున్నాయి. ఈ భాగం చదువుతుంటే నాకు మా హాస్టల్ మెస్సు గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చేవారు కొందరు ఇదే కథని వేరుగా చెబుతుంటారు. నూరో కోతి దుంప కడగగానే, చుట్టుపక్కల దీవుల్లోని కోతులన్నిటికీ ఆ జ్ఞానం గాలిలో అందిందట. ఇది 1979లో లయల్ వాట్సన్ అనే రచయిత పుట్టించిన మాట. కోషిమాలో అప్పటికి నూరు కోతులే లేవు! గాలిలో అందలేదు సరికదా, పక్కనే కూర్చున్న తండ్రి వయసు కోతికే అందలేదు. ఇటువంటి ఉపన్యాసం మన కళాశాలలో మళ్ళీ జరిగితే ఎవరైనా లేచి అడగాలని నా కోరిక.

నూరో కోతి మాట అటుంచినా, కోషిమా మీద నిజమైన సందేహం ఒకటి వుంది. గేలెఫ్ అనే కెనడా శాస్త్రజ్ఞుడు, ఇన్నేళ్ళు పట్టిందంటే ఇది చూసి నేర్చుకోవడమేనా, లేక ఒక్కొక్కటీ విడివిడిగా కనిపెట్టిందా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. తల్లి నీళ్ళ ఒడ్డున కూర్చుంటుంది, పిల్ల కూడా అక్కడే వుంటుంది. నీళ్ళలో దుంప ముక్కలు తేలుతుంటాయి. పిల్ల అవి ఏరుకు తింటుంది. దుంప, నీళ్ళు, రుచి మూడూ దానికి ఒకచోట దొరుకుతాయి. ఆ పైన ఎలా కడగాలన్నది తంటాలు పడి తానే సాధిస్తుంది. ఇప్పుడు చాలామంది ఒప్పుకునేది సుమారుగా ఇదే. పెద్దవాళ్ళు పిల్లకి పాఠం చెప్పరు, పాఠం దొరికే చోటు మాత్రం చూపిస్తారు, అదీ తెలియకుండానే. థాయ్‌లాండులోని లోప్‌బురిలో మనుషుల వెంట్రుకలతో పళ్ళ సందులు తీసుకునే కోతులున్నాయి. అక్కడి తల్లులు పిల్ల చూస్తున్నప్పుడు అదే పని మరింత ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ చేస్తాయని 2009లో ఒక పరిశోధన వచ్చింది. కోతుల్లో పాఠం చెప్పడమంటే ఇంతకు మించి ఎక్కువ ఉదాహరణలు లేవు.

మా తోటలో నేను చూసినది కూడా ఇంతే. తల్లి బొండం కొరుకుతుంటే పిల్ల దాని మూతి దగ్గర మూతి పెట్టి వాసన చూస్తుంది. తల్లి దవడ సంచిలోంచి జారిన పీచుముక్క తీసి నాకుతుంది. తల్లి ఇవ్వదు, కసరదు కూడా. ఈ కసరకపోవడమే దాని చదువుకి ఫీజు మాఫీ. వేరే ఆడకోతి దగ్గర ఇదే పని చేస్తే దెబ్బ తింటుంది. అందుకే కోతుల్లో తిండి జ్ఞానం చుట్టరికం వెంట నడుస్తుంది.

ఇక్కడ మన డెల్టా రైతుకి బాగా తెలిసిన ఇంకో జీవిని తీసుకువస్తాను, ఎలుక. వరి చేలో ఎలుకకి జింకు ఫాస్ఫైడ్ పెట్టేముందు రెండు రోజులు విషం కలపని నూకలు, నూనె పెట్టి అలవాటు చేస్తాం. మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే పద్ధతీ అదే. ఎందుకంటే చావకుండా జబ్బుపడి లేచిన ఎలుక ఆ ఎరని మళ్ళీ ముట్టదు. మా ఊళ్ళో అయితే, అది వెళ్ళి మిగతావాటికి చెప్పేస్తుందంటారు. ఆ చెప్పడం సంగతి పరీక్షించినది కూడా పైన చెప్పిన గేలెఫే. ఒక ఎలుక తిన్న తిండి వాసన దాని ఊపిరిలో వుంటుంది. ఇంకో ఎలుక ఆ వాసన చూస్తే ఆ తిండి మీద మోజు పడుతుంది. తమాషా ఏమిటంటే, తిన్న ఎలుక జబ్బుగా పడివున్నా సరే, వాసన చూసినదానికి మోజే తప్ప అసహ్యం పుట్టలేదు. 'ఇది తినవచ్చు' అన్న కబురు పోతుంది, 'ఇది తినకు' అన్న కబురు పోదు.

కోతుల్లోనూ ఇటువంటిదే కనిపించింది. రోములో కపూచిన్ కోతుల మీద అడెస్సీ, విసల్‌బెర్గి చేసిన ప్రయోగాల్లో, కొత్త తిండి ఎదురైన కోతి పక్కవాళ్ళు తింటుంటే ధైర్యంగా ఎక్కువ తింటుంది. పక్కవాళ్ళు తింటున్నది ఒక రంగు, తన ముందున్నది మరో రంగు అయినా తినేస్తుంది. సహపంక్తి భోజనంలో నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నట్టే, ధైర్యం వచ్చింది గాని వివరం రాలేదు. తోటలో ఒక కోతికి కారప్పొడి పూసిన పండు పెట్టి, అది బుద్ధి తెచ్చుకుంటే గుంపంతా తెచ్చుకుంటుందని ఆశపడే నాబోటి వాళ్ళకి ఇది చేదు వార్త. నోరు మండినది ఒక్కటే మానేస్తుంది.

మరి గుంపుకి గుంపు ఒకే తిండికి ఎలా కట్టుబడుతుంది? దీనికి మంచి సమాధానం దక్షిణాఫ్రికాలో వర్వెట్ అనే కోతుల మీద జరిగిన ప్రయోగంలో వుంది. ఎరికా వాన్ డె వాల్ బృందం 2013లో దీన్ని ప్రచురించింది. నాలుగు అడవి గుంపులు, మొత్తం 109 కోతులు. రెండు పెట్టెల్లో మొక్కజొన్న గింజలు, ఒకటి గులాబీ రంగు, ఒకటి నీలం. కొన్ని గుంపులకి గులాబీ గింజల్ని, మిగతావాటికి నీలం గింజల్ని చేదెక్కించారు. కొద్దికాలంలోనే ప్రతి గుంపూ చేదులేని రంగుకి స్థిరపడింది. కొన్ని నెలల తరవాత, కొత్తగా పుట్టిన పిల్లలు గింజలు తినే వయసుకి వచ్చాక, చేదు పూర్తిగా తీసేసి మళ్ళీ రెండు రంగులూ పెట్టారు. ఇప్పుడు రెండూ ఒకటే రుచి. 27 మంది పిల్లల్లో 26 తల్లులు తినే రంగే తిన్నారు. రెండో పెట్టె పక్కనే వున్నా, కొందరైతే దాని మీదే కూర్చుని కూడా దాని జోలికి పోలేదు. ఈ లోగా వయసొచ్చిన మగకోతులు కొన్ని, వాటి జాతి ధర్మం ప్రకారం, పుట్టిన గుంపు వదిలి వేరే రంగు తినే గుంపులో చేరాయి. అవి తమకి తెలిసిన రంగు మానేసి, దాదాపు అన్నీ, కొత్త ఊరి రంగే తినడం మొదలుపెట్టాయి! అత్తారింటికి వెళ్ళిన కోడలు అక్కడి కూర రుచికి అలవాటుపడ్డట్టు, ఇక్కడ అల్లుళ్ళు అలవాటుపడ్డారు.

అల్లుడు నేర్చుకోవడమే కాదు, నేర్పడం కూడా వుంది. 2024లో వచ్చిన మరో పరిశోధనలో అదే చోట వర్వెట్‌లకి పెంకుతో సహా వేరుశెనగ కాయలు పెట్టారు. అవి ఎప్పుడూ చూడని తిండి. కొన్ని గుంపుల్లో, వేరే చోటు నుంచి వలస వచ్చిన మగకోతి వలిచి తిన్నాకే మిగతావి మొదలుపెట్టాయి. చిన్నవి పెద్దవాటి మూతికి మూతి ఆనించి వాసన చూసుకున్నాయి. ఈ పరిశోధన రాసినవారిలో మొదటి పేరు పూజా డోంగ్రే. అది చదివాక మా నాన్నకి చెప్పడానికి నా దగ్గర ఒక ఊహ అయినా మిగిలింది. మా కోతులకి కొబ్బరి పిందె చూపింది, బహుశా ఎక్కడినుంచో వచ్చి చేరిన ఒక కొత్త మగకోతి కావచ్చు. లేకపోతే గాలికి రాలి పగిలిన బొండంలో మూతి పెట్టిన ఏ చిన్న ఇమో అయినా కావచ్చు.

కొత్త మగకోతి ఎక్కడినుంచి వస్తుంది? నడిచి వస్తుంది, లేదా వ్యానులో వస్తుంది. ఊళ్ళలో చందా వేసుకుని కోతులు పట్టేవాళ్ళని పిలిపించడం, బోనులు పెట్టించడం, పట్టిన వాటిని రాత్రికి రాత్రి ఇంకో మండలంలో దింపి రావడం అందరికీ తెలిసినదే. మా ఊరూ రెండుసార్లు చేసింది. ఆ ఇంకో మండలం వాళ్ళు కూడా చేస్తారు. వ్యానులోంచి దూకే కోతితో పాటు దానికి తెలిసిన తిండి కూడా అక్కడ దిగుతుంది. బొండం కొరకడం తెలిసిన కోతిని, తెలియని గుంపు వున్న ఊళ్ళో వదలడమంటే అక్కడికి ఒక మాస్టారుని బదిలీ చేసినట్టే. ఇక మా ఊళ్ళో మిగిలిన తల్లులూ పిల్లలూ ఎలాగూ మరిచిపోవు. ఆడకోతి పుట్టిన గుంపు వదలదు. పది మగవాటిని పట్టుకుపోయినా బడి మూతపడదు.

దీనికి తోడు మన గోదావరి సంగతి ఒకటి వుంది. దక్షిణ భారతంలో మాత్రమే వుండే కోతి ఒకటి, దాన్ని బానెట్ కోతి అంటారు. నెత్తిమీది వెంట్రుకలు నడిపాపిట నుంచి చుట్టూ టోపీలా పరుచుకుని వుంటాయి కాబట్టి ఆ పేరు. తోక శరీరం కంటే పొడుగు. రెండోది రీసస్ కోతి, ఉత్తరాదిది, తోక పొట్టి, వెనకభాగం ఎర్రగా వుంటుంది. ఈ రెండు జాతులకీ సరిహద్దు తూర్పున గోదావరి, పడమట తపతి అని పుస్తకాలు చెప్పేవి. అయితే గౌతమికీ వశిష్ఠకీ మధ్య వున్న మా కోనసీమవాళ్ళం ఏ జాతి కిందికి వస్తామో ఆ పుస్తకాలు రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు! ఆ సరిహద్దు ఇప్పుడు నిలబడలేదు. కుమార్, రాధాకృష్ణ, సిన్హా అనే భారతీయ శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన దాని ప్రకారం రీసస్ కోతి గోదావరి దాటి దక్షిణానికి చొచ్చుకువస్తోంది, బానెట్ వెనక్కి జరుగుతోంది. మనుషులు పట్టి తెచ్చి వదలడం కూడా ఇందుకు ఒక కారణం. బానెట్ కోతి ఈనాడు అంతర్జాతీయంగా ముప్పులో వున్న జాతుల పట్టికకి ఎక్కింది. మా తోటకి వచ్చేవన్నీ పొట్టితోకవే. పొడుగుతోక కోతుల్ని మా నాయనమ్మ చిన్నప్పుడు చూశానంటుంది.

బానెట్ కోతి గురించి ఇంకో ముచ్చట. కర్ణాటకలోని బండీపురంలో అనింద్య సిన్హా బృందం 2018లో ప్రచురించినది. మనిషి చేతిలో తిండి చూసిన కోతి 'కూ' అని ఒక శబ్దం చేస్తూ, చెయ్యి చాపి, మనిషి తనవైపు చూస్తున్నాడో లేదో గమనించుకుంటూ అడుగుతుంది. అడవిలో పండుని అలా అడగవలసిన అవసరం దానికి ఎక్కడ వుంది? ఇది మనతో వ్యవహారం కోసమే ఏర్పడిన భాష. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో కారు ఆపి బిస్కెట్టు పాకెట్టు విసిరేవారు పుణ్యం చేస్తున్నామనుకుంటారు. తల్లి పొట్టకి కరుచుకున్న పిల్ల ఆ పాకెట్టు చప్పుడుని ఎలా వింటుందో ఒక్కసారి చూడమని వారికి నా మనవి.

తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచి, పట్టిన వాటికి సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసే ఏర్పాటు చేశారు. నేర్చినది అది చెరపదు గాని, నేర్చుకునే పిల్లల్ని తగ్గిస్తుంది, కాబట్టి బదిలీ కంటే నయమే. నిదానమైన పని. తోట వున్నవాడికి ఈ ఏడాది ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. నా లెక్క ఇది. రీసస్ పిల్లలు ఎక్కువగా వేసవిలో పుడతాయి. పాలతో పాటు గడ్డీగాదం రుచి చూడడం వానాకాలంలో మొదలవుతుంది. కాపలా డబ్బులు ఏడాది పొడుగునా పలచగా ఖర్చుపెట్టే బదులు, ఆ నాలుగు నెలలూ పిల్లతల్లులు కొబ్బరి వరసలోకి దిగకుండా గట్టిగా కాసుకుంటే మంచిదనిపిస్తోంది. మా నాన్న సగం ఒప్పుకున్నాడు. మిగతా సగం, "నువ్వు వచ్చి కాస్తే చూద్దాం" అన్నాడు.

కాబట్టి వచ్చే వానాకాలం ఆదివారాలన్నీ నేను తోటలోనే వుంటాను. ప్రస్తుతం మా గుంపు బొంత అరటిని ముట్టుకోవడం లేదు. కాలవ అవతలి ఊరి గుంపు మాత్రం దాన్ని పచ్చిగానే తింటోందని విన్నాను. మా దాంట్లో మొదట ఏది ముడుతుందో, ఎన్నో రోజుకి ఎన్ని తింటాయో రాసిపెట్టాలని వుంది. జువాలజీ మిత్రులెవరైనా తోడు వస్తామంటే రావులపాలెంలో బస్సు దిగి కబురు చేయండి, సైకిలు తెస్తాను. నోటుపుస్తకం, వుంటే బైనాక్యులర్స్ తెచ్చుకోండి. సంచిలో తినే వస్తువు మాత్రం ఏదీ పెట్టుకోకండి.